గుక్కపట్టిన బిడ్డ – నలుగురి బాధ్యత
(ప్రసంగ పాఠం)

విజయవాడ చెంతనున్న ఇబ్రహీంపట్నం నుండి కొత్తగూడెం, భద్రాచలం, చింతూరుల మీదుగా ఉత్తరానికి సాగే 30వ నంబరు జాతీయ రహదారి, శబరి నది ఒడ్డున కుంట వద్ద ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో ప్రవేశిస్తుంది. పాత లెక్కలో ఇది 221వ నంబరు రహదారి. కుంట దాటి దోర్నపాల్ వైపు పోయే దారిలో తగిలే ఊరు ఎర్రబోరు. పేరులోని మొదటి మాట తెలుగువారి చెవికి పరాయిది కాదు. ఊరు మాత్రం బస్తర్ సీమలోనిది. 1998 వరకు ఇది బస్తర్ జిల్లాలోను, ఆ తరువాత దంతెవాడ జిల్లాలోను ఉండేది. 2012 జనవరి నుండి సుక్మా జిల్లాలో ఉన్నది. 2000 సంవత్సరం నవంబరు 1న రాష్ట్రం పేరు కూడా మారింది. సరిహద్దులు ఇన్నిసార్లు మారినా అక్కడి తల్లి చంకలోని బిడ్డ ఏడుపు మాత్రం మారలేదు. ఈ ప్రసంగానికి ఆ ఏడుపే విషయం.

చంటిబిడ్డ ఇంటిలో ఏడిస్తే అది ఇంటి సంగతి. నలుగురి మధ్య ఏడిస్తే అది సమాజం సంగతి అవుతుంది. అప్పుడు తల్లిదండ్రులు ఏమి చేస్తారు, చుట్టూ ఉన్నవారు ఏమి చేస్తారు అనే రెండు ప్రశ్నలు చూడడానికి చాలా చిన్నవి. కాని ఒక సమాజం బలహీనులను ఎలా చూస్తున్నదో తెలుసుకోవడానికి ఇంతకంటె సులభమైన పరీక్ష మరొకటి లేదు.

సంతలోని దృశ్యం

దక్షిణ బస్తర్‌లో వారపు సంత కేవలం సరుకులు మారే చోటు కాదు. అడవి లోపలి పల్లెల నుండి కాలినడకన వచ్చినవారు బంధువులను కలుసుకునేది అక్కడే, పెండ్లి మాటలు కలిసేది అక్కడే, కబురు తెలిసేది అక్కడే. ఇప్పపూవు, చింతపండు ఒకవైపు నుండి వస్తాయి. ఉప్పు, నూనె, బట్టలు, ఎండుచేపలు మరొకవైపు నుండి వస్తాయి. ఎర్రబోరు పరిసరాలలో నివసించే దోర్లాలు మాట్లాడే దోర్లీ గోండీ కుటుంబానికి చెందినది. అందులో తెలుగు మాటలు కలిసిపోయి ఉంటాయి. ఉత్తరాన జగదల్‌పూర్ వైపు పోతే హల్బీ వినబడుతుంది. కార్యాలయాలలోను, బడులలోను హిందీ. చింతూరు, భద్రాచలం వైపు నుండి వచ్చే వర్తకులది తెలుగు. నది ఆవలి గట్టున ఒడిషా.

ఈ కలయిక నిన్నటిది కాదు. ఓరుగల్లు 1323లో పతనమైన తరువాత కాకతీయ వంశీయుడైన అన్నమదేవుడు బస్తర్‌కు చేరి అక్కడ రాజ్యం స్థాపించాడని బస్తర్ రాజవంశ చరిత్ర చెబుతుంది. అంతకుముందే, 11వ శతాబ్దంలో ఛిందక నాగరాజుల కాలంలో, ఈ సీమలో తెలుగు శాసనాలు వెలిశాయి. భాషలు ఒకదానినొకటి ఒరుసుకుంటూ బతికిన నేల ఇది.

ఇటువంటి సంతలో మధ్యాహ్నం ఎండవేళ ఒక బిడ్డ గుక్కపట్టిందనుకుందాం. తల్లి ఎదుట చింతపండు బుట్ట ఉన్నది. బిడ్డ ఆమె ఒంటికి గుడ్డతో కట్టి ఉన్నది. ఆమె లేచి వెళ్లిపోదు. వెళ్లిపోతే బేరం పోతుంది. ఆమె చేసే మొదటి పని శరీరాన్ని కదిలించడం. కూర్చున్నచోటనే ముందుకు వెనుకకు ఊగుతుంది. రెండవది, గుడ్డను పక్కకు జరిపి పాలివ్వడం. దీనికి ఆమె ఎవరి అనుమతి అడగదు, ఎవరూ తల తిప్పి చూడరు. అప్పటికీ బిడ్డ ఊరుకోకపోతే పక్కన కూర్చున్న స్త్రీ చేతులు చాస్తుంది. ఆమె అత్తయో, ఆడబిడ్డయో కానక్కరలేదు. పక్క ఊరి మనిషియైనా చాలు. బిడ్డ ఒక చేతినుండి మరొక చేతికి పోతుంది. ఉప్పు అమ్మే వర్తకుడు తెలుగులో ఒక మాట అని చిటికె వేస్తాడు. బిడ్డకు ఆ భాష రాదు. కాని చిటికె అర్థమవుతుంది.

ఈ దృశ్యంలో విశేషమేమీ లేదని అక్కడివారు అంటారు. విశేషం లేకపోవడమే ఇందులోని విశేషం. ఇదే బిడ్డ నగరంలోని ఒక బస్సులో, ఆసుపత్రి వరుసలో, సినిమా హాలులో ఏడిస్తే తల్లి ముఖంలో మొదట కనిపించేది ఆందోళన కాదు, సిగ్గు. ఆమె బిడ్డను చూడడానికి ముందు చుట్టూ ఉన్నవారి ముఖాలు చూస్తుంది. ఆ క్షణంలో ఆమె సముదాయించేది బిడ్డను కాదు, జనాన్ని.

ఏడుపు అంటే ఏమిటి

“అడగందే అమ్మయినా పెట్టదు” అని మన సామెత. మాటలు రాని బిడ్డకు అడగడం అంటే ఏడవడమే. ఆకలి, తడిసిన బట్ట, ఉక్క, దోమకాటు, కడుపులో గాలి, నిద్రలేమి, ఒంటరితనం – వీటన్నిటికీ దానివద్ద ఉన్నది ఒకే మాట.

ఆరోగ్యంగా ఉన్న శిశువు కూడా కారణం కనబడకుండా ఏడుస్తుంది. అమెరికాకు చెందిన శిశువైద్యుడు బ్రేజల్టన్ 1962లో 80 మంది తల్లులచేత దినచర్య వ్రాయించి ఒక సంగతి గమనించాడు. పుట్టిన రెండవ వారం నుండి ఏడుపు పెరుగుతూ వచ్చి, ఆరవ వారం ప్రాంతంలో పరాకాష్ఠకు చేరి, మూడు నెలల నాటికి తగ్గుముఖం పడుతుంది. సాయంకాలం వేళ ఎక్కువగా ఉంటుంది. తరువాత అనేక దేశాలలో జరిగిన పరిశీలనలు ఈ క్రమాన్నే ధ్రువపరచాయి. కొత్తగా తల్లి అయిన యువతికి ఈ ఒక్క విషయం తెలిస్తే ఎంతో ధైర్యం కలుగుతుంది. సందెవేళ బిడ్డ ఊరుకోకపోవడం ఆమె చేతగానితనం కాదు. అది వయస్సు ధర్మం.

మరొక విచిత్రమైన సంగతి 2009లో బయటపడింది. జర్మనీలోని వుర్‌ట్స్‌బుర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన కాథ్లీన్ వెర్మ్‌కె బృందం, పుట్టి రెండు నుండి ఐదు రోజులైన 60 మంది శిశువుల ఏడుపును పరిశీలించింది. వారిలో 30 మంది ఫ్రెంచి తల్లుల బిడ్డలు, 30 మంది జర్మన్ తల్లుల బిడ్డలు. ఫ్రెంచి బిడ్డల ఏడుపులో స్వరం కిందినుండి పైకి పోవడం ఎక్కువ. జర్మన్ బిడ్డల ఏడుపులో పైనుండి కిందికి దిగడం ఎక్కువ. ఆ రెండు భాషల పలుకుబడిలో ఉన్న ఒరవడి కూడా అదే. అంటే గర్భంలో ఉండగానే బిడ్డ తల్లి మాటలోని రాగం విని, పుట్టగానే ఆ రాగంలో ఏడుస్తున్నదన్నమాట.

ఏడుపులో ఇంత తేడా ఉన్నా, దానిని వినే తల్లి చేసే పని మాత్రం ఒక్కటే. 2017లో అమెరికా శాస్త్రజ్ఞుడు బోర్న్‌స్టైన్, ఆయన సహచరులు అర్జెంటీనా, బ్రెజిల్, కామెరూన్, కెన్యా, జపాన్, దక్షిణ కొరియా, ఇటలీ మొదలైన 11 దేశాలలో 684 మంది తల్లులను పరిశీలించారు. అందరి బిడ్డల వయస్సు సుమారు ఐదు నెలలు. బిడ్డ ఏడవగానే ఏ దేశపు తల్లియైనా ప్రధానంగా చేసినవి రెండు పనులు: ఎత్తుకోవడం, మాట్లాడడం. ఎర్రబోరు సంతలోని తల్లికి ఈ పరిశోధన సంగతి తెలియదు. కాని ఆమె చేసేది అదే.

ఎత్తుకోవాలా, వదిలివేయాలా

ఇంత సహజమైన పని తప్పు అని పండితులు బోధించిన కాలం ఒకటి ఉన్నది. అమెరికాలో శిశువైద్యుడు హోల్ట్ 1894లో ప్రచురించిన పుస్తకం తల్లులకు, ఆయాలకు పాఠ్యగ్రంథమై ఎన్నో ముద్రణలు పొందింది. ఏడుపు శిశువుకు వ్యాయామమనీ, ఊపిరితిత్తులకు మంచిదనీ, అలవాటుగా ఏడ్చే బిడ్డను ఎత్తుకోరాదనీ అందులోని భావం. 1928లో మనస్తత్వవేత్త వాట్సన్ ఇంకొక అడుగు ముందుకు వేసి, బిడ్డలను ఒడిలో కూర్చోబెట్టుకోవడం, ముద్దాడడం కూడా తగదన్నాడు. ఈ బోధనల ఛాయలు చదువుకున్న కుటుంబాలలో “ఎత్తుకుంటే చేతులు మరుగుతాడు” అనే మాటకు శాస్త్రగౌరవం కలిగించాయి. 1946లో డాక్టరు స్పాక్ వ్రాసిన పుస్తకం తల్లిదండ్రులు తమ మనస్సు చెప్పినది నమ్మవచ్చునని ధైర్యం చెప్పిన తరువాతనే గాలి మళ్లింది.

1972లో బెల్, ఐన్స్‌వర్త్ అనే ఇద్దరు పరిశోధకులు బాల్టిమోర్ నగరంలో 26 మంది తల్లీబిడ్డలను ఏడాదిపాటు పరిశీలించారు. తొలి నెలలలో ఏడుపుకు వెంటనే పలికిన తల్లుల బిడ్డలు సంవత్సరాంతానికి తక్కువ ఏడ్చారనీ, సైగలతో, ధ్వనులతో తమ కోరికలు తెలుపడం నేర్చారనీ వారు తేల్చారు. 1986లో కెనడాలోని మాంట్రియల్ నగరంలో హున్‌జికర్, బార్ మరొక పరీక్ష చేశారు. కొందరు తల్లులను ప్రతిరోజు బిడ్డను అదనంగా కొన్ని గంటలు ఎత్తుకొని తిరగమన్నారు. బిడ్డ ఏడ్చినప్పుడు మాత్రమే కాదు, ఊరకే ఉన్నప్పుడు కూడా. ఆరు వారాల వయస్సు నాటికి ఆ బిడ్డల ఏడుపు మిగిలినవారికంటె 43 శాతం తగ్గింది.

ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగంలోని కలహారి ఎడారిలో నివసించే సాన్ జాతివారి విషయం ఇక్కడ చెప్పుకోదగినది. వారి బిడ్డలు పగలంతా తల్లి శరీరాన్ని అంటిపెట్టుకొని ఉంటారు. 1991లో వెలువడిన పరిశీలన ప్రకారం ఆ బిడ్డలు ఏడవడం మొదలుపెట్టే సార్లు పాశ్చాత్య దేశాల బిడ్డలతో సమానమే. తేడా అంతా ఆ ఏడుపు ఎంతసేపు సాగుతుందన్నదానిలో ఉన్నది. అక్కడ కొద్ది క్షణాలలో ఎవరో ఒకరు పలుకుతారు గనుక ఏడుపు త్వరగా ముగుస్తుంది.

గుడ్డతో ఒంటికి కట్టుకొని పనిచేసుకునే బస్తర్ తల్లి ఆచారానికి శాస్త్రం ఇచ్చిన సమర్థన ఇది. జపాన్‌లోని రికెన్ పరిశోధన సంస్థవారు 2013లో దీని లోపలి కీలు కూడా చూపించారు. తల్లి బిడ్డను ఎత్తుకొని నడవడం మొదలుపెట్టగానే బిడ్డ కదలికలు ఆగుతాయి, ఏడుపు తగ్గుతుంది, గుండె కొట్టుకునే వేగం నెమ్మదిస్తుంది. తల్లి ఎత్తుకొని ఊరకే కూర్చుంటే ఇంత మార్పు రాదు. అదే బృందం 2022లో మరొక వివరం చెప్పింది. ఏడ్చే బిడ్డను ఎత్తుకొని ఐదు నిమిషాలు నడిచి, నిద్రపట్టిన తరువాత ఐదు నుండి ఎనిమిది నిమిషాలు ఒడిలోనే ఉంచుకొని, అప్పుడు పడుకోబెడితే మేలుకొనకుండా నిద్రపోయే అవకాశం ఎక్కువ.

అయితే ఒక హెచ్చరిక అవసరం. ఆచారాన్ని ఆకాశానికెత్తడం కూడా పొరపాటే. 2000 సంవత్సరంలో నెదర్లాండ్స్ పరిశోధకులు, చిన్న చిన్న మూలుగులకు ఒక క్షణం ఆగి చూసిన తల్లుల బిడ్డలు తరువాత తక్కువసార్లు ఏడ్చారని గమనించారు. 2006లో లండన్, కోపెన్‌హాగెన్ తల్లిదండ్రులను, రోజులో ఎక్కువ భాగం బిడ్డను ఎత్తుకొనే ఉండే తల్లిదండ్రులను పోల్చి చూసిన అధ్యయనంలో, ఎత్తుకున్న బిడ్డలు మొత్తంమీద తక్కువ ఏడ్చినా, ఏమి చేసినా ఊరుకోని గుక్కలు మాత్రం అన్ని వర్గాలలో ఒకే విధంగా ఉన్నట్లు తేలింది. కనుక మంచి తల్లి ఒడిలో బిడ్డ ఏడవదని అనుకోవడం అపోహ. ఊరుకోని బిడ్డ తల్లికి వేసిన మచ్చ కాదు.

ఏడుపును అణచిన రోజులు

బిడ్డ ఏడుపు తల్లి పనికి అడ్డు వచ్చినప్పుడు, ఆమెకు ఎవరి సాయమూ లేనప్పుడు ఏమి జరిగిందో మన దేశ పారిశ్రామిక చరిత్రలో ఒక చీకటి పుట చెబుతుంది. బొంబాయి బట్టల మిల్లులలో పనిచేసే స్త్రీలు తమ బిడ్డలకు నల్లమందు ఇచ్చి నిద్రపుచ్చి పనికి వెళ్లేవారు. “బాలగోళి” అనే పేరుతో ఆ మాత్రలు బజారులో దొరికేవి. 1920 దశకంలో ప్రభుత్వం నియమించిన లేడీ డాక్టరు ఈ స్థితిని పరిశీలించి నివేదిక ఇచ్చింది. 1931లో భారత కార్మిక పరిస్థితులపై రాయల్ కమిషన్ కూడా ఈ విషయం ప్రస్తావించి, మిల్లులలో శిశుశాలలు నెలకొల్పాలని సూచించింది. ఇంగ్లండులో కూడా 19వ శతాబ్దంలో నల్లమందు కలిపిన పానకాలు ఇదే పనికి వాడుకలో ఉండేవి. ఆ మందు బిడ్డ ఆకలిని తీర్చలేదు; ఆకలిని చెప్పుకునే గొంతును మాత్రం నొక్కింది.

ఆ తల్లులను క్రూరులనడం న్యాయం కాదు. ఇంటి అద్దె, మిల్లు కూత, పాలు లేని రొమ్ము – ఇవి వారిచేత ఆ పని చేయించాయి. దోషం ఆ తల్లులది కాదని గుర్తించినందువల్లనే పరిష్కారం చట్టంలో వెదకడం జరిగింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 50 మందికి మించి స్త్రీ కార్మికులున్న కర్మాగారాలలో శిశుశాల ఉండాలని విధించింది. 1976లో ఆ సంఖ్యను 30కి తగ్గించారు. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం, బిడ్డకు 15 నెలలు నిండేవరకు పాలిచ్చే తల్లికి రోజుకు రెండుసార్లు విరామం కల్పించింది. 2017లో ఆ చట్టాన్ని సవరించి వేతనంతో కూడిన ప్రసూతి సెలవును 26 వారాలకు పెంచారు. 1975 అక్టోబరు 2న 33 బ్లాకులలో ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం అంగన్‌వాడీని దేశం నలుమూలలకు తీసుకుపోయింది. ఇవన్నీ ఒక విధంగా బిడ్డ ఏడుపుకు రాజ్యం ఇచ్చిన సమాధానాలు.

కాని చింతపండు బుట్ట ముందర కూర్చున్న తల్లికి, తునికాకు కోసే తల్లికి, రోడ్డు పనికి వచ్చిన తల్లికి ప్రసూతి సెలవు లేదు, శిశుశాల లేదు. ఆమెకు ఉన్నది చీర కొంగు, పక్కనున్న మనిషి చేతులు. ఆ చేతులు కూడా లేకపోతే ఆమె పూర్తిగా ఒంటరిది.

భయం నీడలో

ఎర్రబోరు పేరు దేశమంతటా తెలిసినది సంతవల్ల కాదు. 2005 జూన్‌లో దక్షిణ బస్తర్‌లో సల్వా జుడుం ఆరంభమైన తరువాత పల్లెలు చెదిరిపోయాయి. వేలాదిమంది రహదారి పక్కన వెలసిన సహాయ శిబిరాలకు చేరారు. మరి కొన్ని వేలమంది నది, అడవి దాటి నాటి ఖమ్మం, తూర్పు గోదావరి జిల్లాలలో తలదాచుకున్నారు. ఎర్రబోరులో కూడా అటువంటి శిబిరం ఏర్పడింది. 2006 జూలైలో ఒక రాత్రి మావోయిస్టులు ఆ శిబిరంపై దాడిచేసి ఇండ్లకు నిప్పంటించారు. సుమారు 30 మంది మరణించారు. వారిలో పిల్లలు కూడా ఉన్నారు. 2011 జూలైలో సుప్రీంకోర్టు, గిరిజన యువకులకు ఆయుధాలిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది.

ఎవరు ఏ పక్షాన ఉన్నా, అడవిలో దాగిన తల్లికి గాని, శిబిరంలో చీకటిని వింటూ కూర్చున్న తల్లికి గాని ఒకటే భయం: బిడ్డ ఏడిస్తే? ప్రపంచంలో ఎక్కడ పోరు జరిగినా, ఎక్కడ ప్రజలు రాత్రివేళ పారిపోవలసి వచ్చినా, తల్లులను ఈ ప్రశ్న వెంటాడింది. శాంతికాలంలో ఏడుపు అంటే పిలుపు. భయకాలంలో అదే ఏడుపు అందరి ప్రాణాల మీదికి వచ్చే ఆపద. తల్లి చేయి బిడ్డ తలను నిమరడానికి బదులు దాని నోటిని మూయవలసి వస్తుంది. ఒక ప్రాంతంలో శాంతి నెలకొన్నదో లేదో తెలుసుకోవడానికి పెద్ద పెద్ద కొలతలు అక్కరలేదు. తల్లి నిర్భయంగా బిడ్డను ఏడవనీయగలుగుతున్నదా అని చూస్తే చాలు. ఈనాడు సంతలో ఒక బిడ్డ గొంతెత్తి ఏడిస్తే, జనం ఉలికిపడకుండా తమ బేరాలు తాము చూసుకుంటే, ఆ ఏడుపు శుభసూచకమే.

నది దాటివచ్చిన కుటుంబాల పిల్లలలో కొందరు తెలుగు బడులలో చేరారు. వారి తల్లులు ఒక భాషలో జోకొట్టారు. పిల్లలు మరొక భాషలో అక్షరాలు దిద్దారు. ఈ రెండింటి మధ్య బిడ్డ మనస్సు చీలిపోకుండా చూడడం ఆ బడి పంతులు బాధ్యత, ఆ ఊరివారి బాధ్యత. తల్లి భాష విని నవ్విన పిల్లవాడిని గేలి చేయని తరగతి గదియే అసలైన సమైక్యతకు పునాది.

ఏడుపు రోగమైనప్పుడు

నలుగురిలో ఏడ్చే బిడ్డను చూసి పెద్దలు సాధారణంగా చెప్పేది దిష్టి తగిలిందని. ఉప్పు, మిరపకాయలు దిగదుడిచి వేయడంవల్ల తల్లి మనస్సుకు కొంత ఊరట కలిగితే కలుగవచ్చు. అయితే ఆ ఊరట వైద్యానికి అడ్డు కారాదు. దక్షిణ బస్తర్ మలేరియా ఎక్కువగా ఉన్న ప్రాంతం. 2020 జనవరిలో ప్రారంభమైన “మలేరియా విముక్త బస్తర్” ఉద్యమంలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి వెళ్లి, జ్వరం ఉన్నవారిని లేనివారిని కూడా రక్తపరీక్ష చేసి మందు ఇచ్చారు. అంతకు ముందు 2002లోనే ఛత్తీస్‌గఢ్ ప్రతి పాడకు ఒక స్త్రీని ఆరోగ్య కార్యకర్తగా తీర్చిదిద్దే “మితానిన్” పథకం ప్రారంభించింది. ఛత్తీస్‌గఢీలో ఆ మాటకు నెచ్చెలి అని అర్థం. 2005 తరువాత దేశమంతటా వచ్చిన ఆశా కార్యకర్తలకు మార్గదర్శకమైన పథకాలలో ఇది ఒకటి.

తల్లిదండ్రులు తెలుసుకోవలసిన గుర్తులు కొన్ని ఉన్నాయి. బిడ్డ పాలు తాగలేకపోవడం, తాగినదంతా కక్కివేయడం, మూర్ఛ రావడం, మత్తుగా పడి ఉండి పిలిచినా పలకకపోవడం – ఇవి వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవలసిన ప్రమాద సూచనలు. రెండు నెలలలోపు బిడ్డకు జ్వరం వచ్చినా, ఎగశ్వాస వచ్చినా ఆలస్యం చేయరాదు. ఎప్పుడూ గట్టిగా ఏడ్చే బిడ్డ గొంతు సన్నబడి నీరసంగా మూలిగితే, అది ఊరుకోవడం కాదు. గట్టి ఏడుపుకంటె బలహీనమైన ఏడుపే ఎక్కువ భయపడవలసినది.

మరొక హెచ్చరిక తల్లిదండ్రులిద్దరికీ వర్తిస్తుంది. గంటల తరబడి ఏడ్చే బిడ్డ ముందు ఎంతటి ఓర్పుగలవారైనా సహనం కోల్పోవచ్చు. ఎట్టి పరిస్థితులలోను పసిబిడ్డను పట్టుకొని కుదుపరాదు. మెడ నిలవని బిడ్డ తల ఊగిసలాడితే మెదడులో రక్తనాళాలు తెగి, చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. కోపం ముంచుకొచ్చినప్పుడు బిడ్డను భద్రమైన చోట వెల్లకిల పడుకోబెట్టి, కొన్ని నిమిషాలు పక్కకు జరిగి, మరొకరిని పిలవడం ఉత్తమం. మరొకరిని పిలవడంలో అవమానం లేదు. ఇక నిద్రమందులు, నల్లమందు, సారా చుక్కలు ఎంత చిన్న మోతాదులోనైనా బిడ్డ నోట పోయరాదు.

నలుగురి బాధ్యత

సంతలోని ఆచారం పట్టణానికి నేర్పగల పాఠాలు కొన్ని ఉన్నాయి. మొదటిది, ఏడ్చే బిడ్డ తల్లిని నేరస్థురాలిగా చూడకపోవడం. బస్సులో బిడ్డ గుక్కపడితే కిటికీ పక్క సీటు ఇవ్వవచ్చు. కండక్టరు ఒక నిమిషం బండి ఆపించవచ్చు. పక్కవారు ఆమె సంచి పట్టుకోవచ్చు. ఇవి ఖర్చు లేని పనులు.

రెండవది, పాలిచ్చే తల్లికి గౌరవం. బహిరంగ స్థలాలలో పాలిచ్చేందుకు వసతి కావాలన్న విషయం సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. ఇటువంటి వసతులు కల్పించాలని 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలకు సూచించింది. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ సూచనను అమలులో పెట్టాలని చెప్పింది. గదులు కావలసినవే. అయితే గది ఉన్నది గనుక తల్లి అందులోనే దాగవలెనని శాసించడం సరికాదు. ఎర్రబోరు సంతలో తల్లికి గోడలు లేవు. చుట్టూ ఉన్నవారి చూపులలోని మర్యాదయే ఆమెకు మరుగు.

మూడవది, తండ్రి పాత్ర. బిడ్డ ఏడ్చినప్పుడు “దీన్ని ఊరుకోబెట్టు” అని భార్యకు చెప్పి పత్రికలో తల దూర్చే గృహస్థు చదువుకున్నవారిలో నేటికీ కనబడతాడు. పాలివ్వడం తప్ప బిడ్డకు చేయవలసిన పనులలో తండ్రి చేయలేనిది ఒక్కటీ లేదు. ఎత్తుకొని నడవడానికి ఇద్దరికీ సమానంగా కాళ్లున్నాయి. మగవాని భుజం మీద నిద్రపోయే బిడ్డను చూసి నవ్వే లోకం, ఆ నవ్వు మానుకోవలసిన రోజు వచ్చింది.

నాల్గవది, సంతలకు, బస్సు స్టాండులకు, పనిచోట్లకు కావలసిన చిన్న వసతి. ఒక చెట్టు నీడ, తాగునీరు, ఉయ్యాల కట్టడానికి ఒక దూలం, కొంత చాటు – ఇంత ఉంటే ఎన్నో ఏడుపులు మొదలుకాకముందే ఆగిపోతాయి. పంచాయతీ తలచుకుంటే ఇది అసాధ్యమైన పని కాదు.

జాతీయ సమైక్యత అనగానే జెండాలు, ఊరేగింపులు, ప్రతిజ్ఞలు మనస్సులో మెదలుతాయి. వాటి స్థానం వాటికి ఉన్నది. కాని దోర్లీ మాట్లాడే తల్లి చేతిలోని బిడ్డను హల్బీ మాట్లాడే స్త్రీ అందుకొని, తెలుగు వర్తకుడు చిటికె వేసి, హిందీ మాట్లాడే ఉపాధ్యాయుడు నీళ్ల చెంబు తెచ్చి ఇచ్చినప్పుడు, అక్కడ సమైక్యత అనే మాట ఎవరూ పలకరు. అక్కడ అది జరిగిపోతుంది. ఆ బిడ్డ రేపు ఏ భాషలో చదివినా, ఏ రాష్ట్రంలో బతికినా, తాను ఏడ్చినప్పుడు పరాయి చేతులు తనను ఎత్తుకున్నాయన్న నమ్మకం దాని ఎముకలలో ఉంటుంది.

గ్రంథాలయంలో ఈ పుటలు చదివే విద్యార్థులలో చాలామంది ఇంకా తల్లిదండ్రులు కాలేదు. అయినా ఇంటికి వెళ్లే బస్సులో వారి పక్క సీటులో ఎప్పుడో ఒక బిడ్డ ఏడవక మానదు. ముఖం చిట్లించడానికి ఒక క్షణం పడుతుంది. చేతులు చాచడానికి కూడా అంతే సమయం పడుతుంది.